గరిటెడు ఎరుపు

సంధ్యారాణికి కోపమొస్తే మూడు భాషల్లో వస్తుంది. అమ్మ మీదైతే తెలుగులో, ఆటోవాడి మీదైతే హిందీలో, కంప్యూటర్ మీదైతే గుజరాతీలో. కంప్యూటర్‌కి గుజరాతీ ఎందుకే అని అడిగితే, దానికి మన తెలుగు తిట్లు దండగ అంటుంది. సూరత్ బమ్రోలిలో వాళ్ల గల్లీ మొత్తానికి ఈ సంగతి తెలుసు. సెలవురోజు పొద్దున్నే వాళ్ల రేకుల వరండాలోంచి గుజరాతీ వినబడిందంటే, పిల్ల ల్యాప్‌టాప్ ముందు కూర్చుందని అర్థం.

ఆ పిల్ల గురించి చెప్పాలంటే ముందు వాళ్ల నాన్న గురించి చెప్పాలి, వేరే దారి లేదు. రాజమౌళి పెళ్లికి ముందే సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చాడు. అన్నదమ్ములూ బావమరుదులూ అందరూ మరమగ్గాల దగ్గర కుదురుకుంటే, ఈయనకు ఆ చప్పుడు పడలేదు. పాండేసరలో ఒక రంగుల మిల్లులో బకెట్లు మోసే పనికి చేరాడు. మోస్తూ మోస్తూ కలపడం నేర్చాడు, కలుపుతూ కలుపుతూ కలర్ మాస్టర్ అయి కూర్చున్నాడు. కలర్ మాస్టర్ అంటే మామూలు మాట కాదు. బట్ట ఎంత ఉడికినా, ఎంత ఖర్చయినా, ఆ రంగు సరిగ్గా తేలిందని ఆయన ఊ అంటేనే సరుకు మిల్లు గడప దాటుతుంది.

ఆయన ఊ అనే పద్ధతి చూసి తీరాలి. మిషిన్‌లోంచి తీసిన తడిగుడ్డ ముక్కను వేడి ఆవిరి గొట్టానికి అదిమి ఆరబెడతాడు. దాన్ని పట్టుకుని ఉత్తరం వైపు గుమ్మంలోకి వస్తాడు. బట్ట ఇచ్చిన పార్టీ ఒప్పుకున్న నమూనా ముక్కను పక్కన పెట్టి, ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, చివరికి రెండూ తెరిచి చూస్తాడు. అప్పుడు మాట్లాడతాడు. ఆలోగా మిల్లు యజమాని శేఠ్ మన్‌సుఖ్‌భాయ్ వచ్చి పక్కన నిలబడ్డా సరే, ఆగాల్సిందే.

కన్ను అంత గొప్పదైతే నోరు ఊరుకుంటుందా? పెళ్లికి పోతే పెళ్లికూతురు చీరను చూసి, ఇది చిలకపచ్చ కాదు, నీలం ఎక్కువ పడితే చూసుకోకుండా వదిలేశారని నలుగురిలో చెప్పేవాడు. భార్య వజ్రమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. చీర కట్టుకున్నవాళ్ల మొహం మాడిపోయేది. ఇంటికొచ్చాక ఆమె చీవాట్లు పెడితే, ఉన్నమాట అంటే తప్పేందని ఎదురు అడిగేవాడు.

ఆ ఇంట్లో పుట్టిన పిల్ల ఎట్లా ఉంటుంది? మిగతా పిల్లలు ఎరుపు, పసుపు, నీలం అని నేర్చుకుంటే సంధ్యారాణి కుంకుమెరుపు, ఇటుకెరుపు, దానిమ్మగింజెరుపు అని నేర్చుకుంది. రెండో తరగతిలో టీచర్ ఒక బొమ్మ చూపించి గులాబీరంగు అంటే, కాదు ఉల్లిపొరరంగు అని మొండికేసింది. గోడవైపు తిరిగి నిలబడమంటే నిలబడింది గానీ మాట మార్చుకోలేదు. రాజమౌళి బడికి పోయి, బొమ్మ చూసి, ఉల్లిపొరేనని టీచర్‌కే చెప్పి వచ్చాడు. ఆ రోజు నుంచి తండ్రీ కూతుళ్లు ఒక పార్టీ.

అయితే పెద్దయ్యే కొద్దీ ఆమెకు రంగుల మీద విసుగొచ్చింది. రంగు దగ్గర అందరికీ తగాదానే. శేఠ్ ఒకటంటాడు, పార్టీ ఒకటంటాడు, ఎండలో ఒకటి కనబడుతుంది, ట్యూబులైటు కింద ఇంకొకటి. అంకె అట్లా కాదు కదా, ఎక్కడ పెట్టినా అంకె అంకే అనుకుంది. అందుకే కంప్యూటర్ చదువు చదివింది. చదువయ్యాక ఉధ్నాలో, రంగుల మిల్లులకు ప్రోగ్రాములు రాసిచ్చే చిన్న ఆఫీసులో కుదిరింది. నాన్న మిల్లుకు విదేశం నుంచి కొత్త మిషిన్ తెస్తున్నారని తెలిసి, ఆ పని నాకే కావాలని యజమాని ప్రాణం తీసి తీసుకుంది.

ఆ మిషిన్ పని ఇది. రంగుపొడులను తూచి, కరిగించి, గొట్టాల గుండా బట్ట ఉడికే పెద్ద ఇనుప జెట్‌లోకి పంపడం. ఏ పొడి ఎన్ని గ్రాములన్నది ల్యాబులో టైపు చేస్తారు. దాని పక్కనే ఇంకో అంకె కూడా ఉంటుంది, పొడి బలం. అన్ని డబ్బాలూ ఒక్క తీరుగా రావు. కొన్నిట్లో రంగు పలచన. పలచన డబ్బా వస్తే ల్యాబువాళ్లు దాని పక్కన 1.12 అనో 1.08 అనో రాస్తారు, ఆ మేరకు ఎక్కువ వెయ్యమని. వీళ్ల మిల్లుకు వచ్చే ఎరుపు ఎప్పుడూ పలచనే. చిక్కటి ఎరుపు ఒక్క డబ్బా కూడా వచ్చిన గుర్తు ఎవరికీ లేదు.

ఈ అంకెలన్నిటినీ ల్యాబు నుంచి మిషిన్‌కు మోసుకుపోయే ప్రోగ్రాం సంధ్యారాణిది. అంకెలను కంప్యూటర్ల గూఢభాషలో కాకుండా, మామూలు అక్షరాలుగా పంపేట్టు రాసింది. ఒకటి, చుక్క, ఒకటి, రెండు. అక్షరాలుగా రాస్తే ఏ కంప్యూటరైనా చదువుకుంటుంది, అవసరమైతే మనిషి కూడా చదవొచ్చు అని ఆమె వాదన. ఆఫీసులో అందరికీ నచ్చింది. మిషిన్‌ను బిగించడానికి ఆ దేశం నుంచే ఒకాయన వచ్చి, నిమ్మరసం తాగుతూ, చెమటలు కక్కుతూ అంతా సరిచేసి వెళ్లిపోయాడు. మొదటి బట్ట బయటికొచ్చిన రోజు రాజమౌళి మిల్లంతా తిరిగి, నా బిడ్డ రాసిందే ఇది అని కనబడినవాడికల్లా చెప్పాడు. టీ ఇచ్చేవాడికి రెండుసార్లు చెప్పాడు.

సరిగ్గా ఆ ఎండాకాలమే ఆయన కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కొత్త అద్దం పెట్టారు. కొన్నాళ్లు రంగులు కాస్త తేడాగా కనబడొచ్చు, కంగారు పడొద్దు అని డాక్టర్ ముందే చెప్పాడు. రాజమౌళి కంగారు పడలేదు. కానీ వానలు మొదలయ్యాక, కొత్త మిషిన్ వేసిన మెరూన్‌లు చూస్తే ఆయనకు ఎరుపు తగ్గినట్టు కనబడసాగింది. పెద్దగా కాదు, జర. పక్కనున్న బిక్షపతిని అడిగాడు. బిక్షపతి జెట్ నడిపేవాడు, నెమ్మదస్తుడు, మాస్టర్ మాట కాదనడు. అయినా పాపం నిజమే చెప్పాడు, నాకైతే రెండూ ఒక్కతీరే ఉన్నయి అన్నాడు.

ఒకరోజు అన్నం దగ్గర రాజమౌళి కూతుర్ని అడిగాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు పళ్లెంలోకి చూస్తూ అడిగాడు.

“బిడ్డా, గా మిషిన్ ఎరుపు జర తక్కువ ఏస్తుందేమో, ఒకపారి చూస్తవా?”

చూసింది. చూడలేదని ఎవరూ అనలేరు. తన ల్యాప్‌టాప్‌లో ఆ అక్షరాలనే చదివించింది, 1.12 వచ్చింది. మిల్లుకు పోయి ల్యాబు కంప్యూటర్‌లో చదివించింది, అక్కడా 1.12 వచ్చింది. మిషిన్ లోపల ఉండే చిన్న కంప్యూటర్‌లో మాత్రం చదివించి చూడలేదు. ఒకే ప్రోగ్రాం, ఒకే అక్షరాలు, రెండు చోట్ల సరిగ్గా వచ్చింది మూడోచోట ఎందుకు తప్పుతుంది? అంకె అంకే కదా. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే చెప్పింది.

“రెండు దిక్కుల చూసిన బాపూ. మిషిన్ బరాబర్ ఉంది.”

మిషిన్ సరిగ్గా ఉంటే ఇక తప్పు ఎక్కడుందో ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. రాజమౌళి సరే బిడ్డా అన్నాడు. పెరుగు వేసుకోకుండానే లేచాడు.

ఆ తర్వాత ఇంట్లో రెండు వింతలు జరిగాయి. ఒకటి, వజ్రమ్మ పప్పు గరిటె కనబడకుండా పోయింది. పొడుగు కాడ ఉన్న స్టీలు గరిటె, ఆమె పుట్టింటివాళ్లు ఇచ్చింది. ఇల్లంతా వెతికింది, పక్కింటి సమ్మక్కను అనుమానించింది, ఆమెతో మాటలు కూడా మానేసింది. రెండోది, రాజమౌళి నోరు పడిపోయింది. మాటలు లేకున్నా తప్పక పోయిన సమ్మక్క కూతురు పెళ్లిలో అందరూ ఆయన ఏం అంటాడోనని చూస్తుంటే, ఏమీ అనలేదు. పెళ్లికూతురు చీరను ఒకసారి చూసి, బాగుందమ్మా అన్నాడు. వజ్రమ్మ ఎన్నేళ్లుగానో మొక్కుకున్నది అదే. తీరా జరిగాక ఆమెకు గుండె జారిపోయింది.

ఇంటికొచ్చి నిలదీసింది. ఆయన కాసేపు నసిగి, చివరికి ఒప్పుకున్నాడు. గరిటె మిల్లులో ఉంది. కొత్త మిషిన్ వేసిన రంగు ఆయన కంటికి ఆనడం లేదు. అందుకని ఎవరూ చూడకుండా జెట్ పక్కనుండే చిన్న తొట్టిలో గరిటెడు ఎర్రపొడి కలిపి పోస్తున్నాడు. పోస్తేనే నమూనా ముక్కతో కలుస్తోంది. కానీ మిషిన్ సరిగ్గానే ఉందని బిడ్డ చెప్పింది. అంటే ఆయన కన్నే లేని తక్కువను చూస్తోందన్నమాట. మిల్లు సరుకంతటినీ తన కళ్లే పాడుచేస్తున్నాయి. కన్ను పోయిన మాస్టర్ కుర్చీలో కూర్చుని జీతం తీసుకోవడం దొంగతనమేనని ఆయన తేల్చుకున్నాడు. గల్లీ ఆడవాళ్ల బతుకమ్మ చీరల పని ఒక్కటి అయిపోతే, దసరా మర్నాడు శేఠ్‌తో చెప్పేసి మానేస్తానన్నాడు.

వజ్రమ్మ ఇదంతా కూతురికి వంటింట్లో, కుళాయి విప్పి ఆ చప్పుడు చాటున చెప్పింది. సంధ్యారాణి ముందు నమ్మలేదు. నమ్మాక తండ్రిని మళ్లీ కంటి డాక్టర్ దగ్గరికి లాక్కుపోయింది. కన్ను చక్కగా ఉందని, రంగుల్లో కొద్దిపాటి తేడా ఉంటే ఉండొచ్చని ఆయనన్నాడు. ఆ కొద్దిపాటి అన్న మాటనే రాజమౌళి పట్టుకున్నాడు. నువ్వు ఇన్నాళ్లు ఎరుపు ఎక్కువ పోస్తే పార్టీలు ఒక్కరూ ఎందుకు గొడవ చెయ్యలేదు బాపూ అని దారిలో ఆమె అడిగింది. వాళ్ల మంచితనం అన్నాడాయన. సూరత్ బట్టల బజారులో పార్టీలు మంచితనానికి ఊరుకుంటారా? ఆమెకు మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంది. కానీ గుచ్చుకున్నది ఎక్కడో తెలియలేదు, ఆఫీసు పని మీద పడిపోయింది.

బతుకమ్మ చీరల సంగతి చెప్పాలి. గల్లీ ఆడవాళ్లందరూ ఏటా సద్దుల బతుకమ్మకు ఒకే రంగు చీర కడతారు. బట్ట వాళ్ల మగవాళ్ల మగ్గాల మీదే నేస్తారు. రంగు రాజమౌళి చేతిది. ఏ రంగు అన్నది ఆయనే చెప్పాలి, అందరూ వినాలి. ఆ ఏడు మెరూన్ అన్నాడు. దానిమ్మగింజ లోపలి వైపు ఎంత ఎరుపుంటుందో అంత ఎరుపు మెరూన్ అన్నాడు. అది తన చివరి రంగని ఆయనకూ, వజ్రమ్మకూ, సంధ్యారాణికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ చీరలకు రంగు వేసే పొద్దున సంధ్యారాణి కూడా మిల్లుకు వెళ్లింది. వేరే పని పెట్టుకుని వెళ్లింది గానీ, నిజానికి నాన్న చివరి రంగు చూద్దామని. పండుగల ముందు కదా, ఎప్పుడూ వచ్చే ఎరుపు బజార్లో దొరకలేదు. శేఠ్ ఎక్కడి నుంచో వేరే డబ్బా తెప్పించాడు. ల్యాబువాళ్లు పరీక్షించి ఆశ్చర్యపోయారు. మిల్లు చరిత్రలో మొదటిసారి చిక్కటి ఎరుపు వచ్చింది. కాస్త తక్కువే వెయ్యమని దాని పక్కన 0.96 అని రాశారు. మిషిన్ తూచింది, కరిగించింది, పంపింది. బట్ట జెట్‌లో ఉడికింది. బిక్షపతి మూత తీసి ముక్క బయటికి లాగాడు.

పచ్చగా ఉంది. చెరువులో పాచి పట్టిన పచ్చ. ఎరుపు జాడ లేదు.

మిల్లులో ఒక్కసారి అందరూ చేతులు ఆపేశారు. మన్‌సుఖ్‌భాయ్ వచ్చి చూసి, మాస్టర్ యే క్యా హై అని మెల్లగా అడిగాడు. రాజమౌళి ముక్కను ఆవిరి గొట్టానికి అదిమాడు. గుమ్మంలోకి తెచ్చి, ఒక కన్ను మూసి చూశాడు, రెండోది మూసి చూశాడు. తర్వాత బిక్షపతిని దగ్గరికి పిలిచి, ఎవరికీ వినబడకూడదన్నట్టు అడిగాడు.

“ఇది ఏం రంగు బిక్షపతి?”

“పచ్చ, మాస్టర్.”

“నాకు గూడ పచ్చనే కొడుతుంది,” అన్నాడు రాజమౌళి. అని గుమ్మంలోనే, గడప మీద కూలబడ్డాడు.

సంధ్యారాణి ఆ మాట విన్నది. తన తండ్రి, పెళ్లికూతుళ్ల చీరలకు వంకలు పెట్టే తండ్రి, పచ్చను పచ్చ అనడానికి ఇంకొకరిని అడిగాడు. ఆ పిల్లకు ఏడుపొచ్చింది, ఏడుపు వెంటనే కోపమొచ్చింది. తిన్నగా మిషిన్ దగ్గరికి పోయి, దాని తెర మీద జరిగిన తూకాలన్నీ పైకి తెచ్చింది. మెరూన్‌లో కలిసే మూడిట్లో పసుపు సరిగ్గా ఉంది. నీలం సరిగ్గా ఉంది. ఎరుపు సున్నా.

గుజరాతీ మొదలైంది. చుట్టుపక్కల గుజరాతీ వచ్చినవాళ్లు కూడా నోరు తెరుచుకుని విన్నారు. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎరుపు ఎన్ని గ్రాములన్న అంకె మిషిన్‌కు సరిగ్గానే చేరింది. దాన్ని 0.96తో హెచ్చవేస్తే కాస్త తగ్గాలి గానీ సున్నా ఎట్లా అవుతుంది? సున్నాతో హెచ్చవేస్తేనే అవుతుంది. ఆమె ఆ మిషిన్ కంప్యూటర్‌లోనే నాలుగు వరసల చిన్న ప్రోగ్రాం రాసి, 0.96 అనే అక్షరాలను చదివి అంకె చెప్పమంది. సున్నా అని చెప్పింది. తర్వాత 1.12 అని టైపు చేసింది. ఒకటి అని చెప్పింది.

అప్పుడు నేల మీద కూర్చుంది, రంగునీళ్ల తడి ఉందని కూడా చూసుకోలేదు. ఒకటి. అంటే పలచన ఎరుపుకు పైన కలపాల్సిందేదీ ఈ మిషిన్ ఏ రోజూ కలపలేదు. మొదటి నుంచీ వేసిన ప్రతి మెరూన్‌లోనూ ఎరుపు తగ్గుతూనే వచ్చింది. జర తగ్గింది. ఆయన చెప్పినంతే తగ్గింది.

కారణం దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. మిషిన్ బిగించిన ఆయన, పాపం, లోపలి కంప్యూటర్‌కు తన దేశపు అలవాట్లే పెట్టి పోయాడు. ఆ దేశంలో పూర్ణాంకానికీ దాని తర్వాతి భాగానికీ మధ్య మనలా చుక్క పెట్టరు, కామా పెడతారు. అక్షరాలను అంకెలుగా మార్చే పని సంధ్యారాణి సొంతంగా రాసుకోలేదు. కంప్యూటర్‌లో ముందే ఉన్న దాన్ని వాడుకుంది, అందరూ వాడేదే. అది ఏ కంప్యూటర్‌లో ఉంటే అక్కడి అలవాటు అడుగుతుంది. కామా కోసం చూస్తే చుక్క కనబడింది, అంకె అయిపోయిందనుకుని అక్కడే ఆగింది. తప్పు జరిగిందని అరవలేదు. చదివినంతవరకు చెప్పి ఊరుకుంది. ఇంకా ఏమైనా మిగిలిందా అని అడిగితే, చుక్కా దాని వెనకున్నదీ మిగిలిపోయాయని చెప్పేదే. సంధ్యారాణి ప్రోగ్రాం ఆ మాట అడగలేదు. అంతే జరిగింది.

లేచి గుమ్మం దగ్గరికి వెళ్లింది. రాజమౌళి ఇంకా గడప మీదే ఉన్నాడు, పచ్చముక్క చేతిలో ఉంది. ఆమె ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుంది. చదువుకున్న మాటలేవీ పనికి రాలేదు.

“నీ కండ్లు మంచిగున్నయి బాపూ. నా ప్రోగ్రామే గలత్. మొదటి నుంచి ఎరుపు తక్కువే పడుతుండె.”

ఆయన అర్థం కానట్టు చూశాడు. ఆమె మళ్లీ చెప్పింది, చుక్క సంగతి, కామా సంగతి, సున్నా సంగతి. ఆయనకు చుక్కా కామా పట్టలేదు. ఒక్కటే అడిగాడు.

“మరి నేనేసిన గంటెడు ఎరుపు?”

“మిషిన్ ఎంత మరిచిందో నువ్వు గంతే ఏసినవు. జర అటూ ఇటూ.”

రాజమౌళి పచ్చముక్కను మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొత్త అద్దం ఉన్న కంట్లోంచి ముందు కారాయి, తుడుచుకోలేదు.

“రెండు దిక్కుల చూసినన్నవు గద బిడ్డా,” అన్నాడు. “నా కండ్ల కన్న నీ మాటనే ఎక్కువ నమ్మిన.”

ఆ మాటలో కోపం లేదు. అదే ఆమెకు తట్టుకోవడం కష్టమైంది. కోప్పడి ఉంటే మూడు భాషల్లో జవాబు చెప్పేది. ఆయన మోకాళ్ల మీద తల పెట్టి, మిల్లంతా చూస్తుండగా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. రాజమౌళి రంగు అంటిన చేత్తో తల నిమిరాడు. ఆమె జుట్టుకు ఎరుపు పొడి అంటింది, ఆ రోజంతా ఉండిపోయింది.

కాసేపయ్యాక మన్‌సుఖ్‌భాయ్ మరి ఈ పచ్చచీరల సంగతేమిటని అడిగాడు. రాజమౌళి లేచాడు. ఆ లేవడంలోనే తేడా కనబడింది. మిషిన్‌ను పక్కకు పెట్టమన్నాడు. కొత్త ఎర్రడబ్బా తెమ్మన్నాడు. మూత తీసి, చిటికెడు తీసి తడివేలి మీద రుద్ది చూసుకుని, ఇది నెత్తురు చిక్కదనం ఉన్న ఎరుపు, జాగ్రత్తగా పోయాలి అన్నాడు. కాగితం లేదు, తెర లేదు. తన అల్మారాలోంచి వజ్రమ్మ పప్పు గరిటె బయటికి తీశాడు. ఇన్నాళ్లూ దొంగతనంగా వాడిన గరిటెను అందరి ముందూ పట్టుకుని, పెద్ద గిన్నెలో పొడి కొలిచి కలిపాడు. బిక్షపతి జెట్ తిప్పాడు. ముక్క తీశారు, ఇంకా గోధుమరంగులో ఉంది. మళ్లీ పోశాడు. మళ్లీ తీశారు. మూడోసారి ముక్కను ఆవిరి గొట్టానికి అదిమి, గుమ్మంలోకి వచ్చి, ఒక కన్ను, రెండో కన్ను, తర్వాత రెండూ. నమూనా ముక్క పక్కన పెట్టి చూస్తే అది ఎక్కడ అయిపోయి ఇది ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియలేదు.

ఊ అన్నాడు.

శేఠ్‌కు మానేస్తానన్న మాట ఎవరూ చెప్పలేదు. సంధ్యారాణి మాత్రం తన ఆఫీసులో అంతా ఉన్నదున్నట్టు చెప్పేసింది. ప్రోగ్రాంలో అక్షరాలను అంకెలుగా మార్చే భాగాన్ని తనే మొదటి నుంచి రాసుకుంది. కంప్యూటర్ ఏ దేశం అలవాటులో ఉన్నా చుక్కను చుక్కగానే చదివేట్టు, చదివాక ఒక్క అక్షరం మిగిలినా మిషిన్ ఆగిపోయి గట్టిగా కూత పెట్టేట్టు రాసింది. ఆఫీసులో ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ, దొరికిన ప్రతి దేశపు అలవాటులోనూ పెట్టి చూసింది. ఆఖరికి యజమాని ఫోన్ కూడా లాక్కుని, ఏదో దూరదేశపు భాషలోకి మార్చి పరీక్షించి, మళ్లీ తిరిగి మార్చడం మరిచిపోయింది. ఆయన రెండురోజులు అర్థం కాని భాషలో ఫోన్ ఎత్తాడు. అన్నీ సరిపోయాయని తేలాక కూడా ఆమె ఊరుకోలేదు. మిషిన్ దగ్గరికి పోయి అక్కడ కూడా చదివించింది. ఇప్పటికీ ఏ మిల్లులో ఏ ప్రోగ్రాం పెట్టినా, పని చేసేచోటే నిలబడి చదివించి చూస్తుంది. పక్కవాళ్లు విసుక్కుంటే వాళ్లకూ గుజరాతీ తప్పదు.

కొత్త ప్రోగ్రాం పెట్టాక వచ్చిన మొదటి మెరూన్‌ను రాజమౌళి గుమ్మంలోకి తెచ్చి చూశాడు. అలవాటుగా చెయ్యి అల్మారా వైపు పోయింది, ఆగింది. మళ్లీ చూశాడు. ఏమీ కలపాల్సిన పని లేదు. సాయంత్రం గరిటెను కాగితంలో చుట్టుకుని ఇంటికి తెచ్చి వజ్రమ్మకు ఇచ్చాడు. అది కడిగినా ఎరుపు వదలలేదు. ఇంక దీంతో పప్పు ఎట్లా కలపాలి అని ఆమె సణిగింది. సణుగుతూనే వాకిట్లోకి పోయి సమ్మక్కను టీకి పిలిచింది.

సద్దుల బతుకమ్మ సాయంత్రం గల్లీ ఆడవాళ్లంతా మెరూన్ చీరల్లో మైదానానికి వచ్చారు. తంగేడు పూలు దొరక్క బంతులూ చేమంతులే పేర్చారు. భేస్తాన్ నుంచి వచ్చిన చుట్టాలావిడ ఒకామె మాత్రం పట్టుచీర కట్టుకొచ్చింది, ఖరీదైనది. అందరూ చెయ్యి పెట్టి చూస్తున్నారు. రాజమౌళి కాస్త దూరంలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒక కన్ను మూశాడు. రెండోది మూశాడు. వజ్రమ్మ అది చూసింది, గుండెలు పట్టుకుంది.

“ఎవలు ఏసిండ్రమ్మా గీ రంగు? నీలం ఎక్కువ పడ్డది,” అన్నాడు, మైదానమంతా వినబడేట్టు.

చుట్టాలావిడ మొహం మాడిపోయింది. వజ్రమ్మ ఎప్పట్లా ఆయన్ని కసరడానికి నోరు తెరిచింది, మళ్లీ మూసేసింది. బతుకమ్మ పళ్లెం పట్టుకుని నిలబడ్డ సంధ్యారాణి నవ్వుతూ, దాంతోపాటే ఏడుస్తూ, నిజమే బాపూ నీలం ఎక్కువే అని అక్కడి నుంచే చెప్పింది.